రౌటరులోని మోడెము: ఆపత్కాలానికి రెండవ దారి

కంప్యూటర్ల మధ్య సాగే సమాచార రవాణాకు రౌటర్లు నాలుగు రోడ్ల కూడళ్ల వంటివి. వచ్చిన ప్రతి సమాచార పొట్లం మీద ఉన్న చిరునామాను చదివి, దానిని తగిన దారిలో పంపుట వాటి పని. అయితే ఒక కూడలిలో రాకపోకలు పూర్తిగా స్తంభించినప్పుడు, దానిని సరిచేయవలసిన ఇంజనీరు ఏ దారిన అక్కడికి చేరుకోవాలి? రౌటరు వందల కిలోమీటర్ల దూరంలో, మంచు కప్పిన ఏదో ఊరిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. దీనికి చాలాకాలం పాటు లభించిన సమాధానం అతి సామాన్యమైనది: ఒక టెలిఫోను తీగ, దాని చివర ఒక మోడెము.

1990 దశకంలో కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మోడెము కొత్తది కాదు. ఇంటర్నెట్టుకు కలిపేటప్పుడు వినిపించిన కీచుధ్వని, అది పనిచేస్తున్నంతసేపూ ఇంటికి ఫోను రాకపోవడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ పరికరమే చిన్న కార్డు రూపంలో రౌటర్లలో కూడా అమరి ఉండేదని, దాని వెనుక ఉన్న సూత్రం నేటికీ విలువైనదని తెలిసినవారు తక్కువ.

శబ్దంగా మారిన అంకెలు

టెలిఫోను చరిత్రలో కెనడాకు విశిష్టమైన స్థానమున్నది. 1876 ఆగస్టు 10న అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్ నుండి పారిస్ అనే ఊరికి, సుమారు 13 కిలోమీటర్ల దూరం, మాటలను తీగ మీదుగా పంపించాడు. టెలిఫోను తీగలు మనిషి గొంతు కొరకు ఉద్దేశించినవి. అందుచేత టెలిఫోను వ్యవస్థ 300 నుండి 3,400 హెర్ట్జుల వరకు గల ధ్వనులను మాత్రమే మోసుకుపోయేటట్లు రూపొందినది.

కంప్యూటరు భాషలో ఉన్నవి రెండే అంకెలు: సున్న, ఒకటి. వీటిని ఆ తీగ మోయగల ధ్వనులుగా మార్చుట మాడ్యులేషన్. అవతలి కొసలో ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చుట డీమాడ్యులేషన్. ఈ రెండు పదాల తొలి అక్షరాలు కలిసి మోడెము అయినది. 1962లో వచ్చిన బెల్ 103 మోడెము సెకనుకు 300 బిట్లను పంపగలిగేది. కెనడాలోనే 1971లో ఒటావాలో స్థాపితమైన గాండాల్ఫ్ టెక్నాలజీస్ సంస్థ మోడెముల తయారీలో పేరు గడించి, 1997లో దివాలా తీసినది.

వేగానికి హద్దు ఎక్కడ?

1948లో క్లాడ్ షానన్ ఒక ముఖ్యమైన సత్యాన్ని నిరూపించాడు. తీగ మోయగల పౌనఃపున్యాల వెడల్పు, ఉపయోగకరమైన సంకేతానికీ వ్యర్థశబ్దానికీ గల నిష్పత్తి, ఈ రెండూ తెలిసినచో గరిష్ఠ వేగాన్ని లెక్కించవచ్చును. వెడల్పు 3,100 హెర్ట్జులు, సంకేతబలం వ్యర్థశబ్దానికి సుమారు 3,000 రెట్లు అనుకొన్నచో, హద్దు సెకనుకు దాదాపు 36,000 బిట్లు. వీ.34 ప్రమాణం చేరుకొన్న 33,600 ఈ హద్దుకు ఎంత సమీపంలో ఉన్నదో గమనించదగినది.

మరి 1998 నాటి వీ.90 ప్రమాణానికి 56,000 ఎలా సాధ్యమైనది? అక్కడ ఒక కొస, అనగా సర్వీసు సంస్థ వైపు, టెలిఫోను వ్యవస్థకు నేరుగా డిజిటల్ పద్ధతిలో కలిసి ఉండేది. అందువలన ఆ వైపు నుండి వచ్చే సమాచారానికి ఒక ధ్వని మార్పిడి తగ్గినది. రెండు కొసలలోను అనలాగ్ మోడెములే ఉన్నచో వేగం 33,600 దాటదు. రౌటరు కార్డులు రెండింటిని కలిపి 56,000 రాలేదని విసుగుచెందిన వారికి ఇదే జవాబు: అది దోషం కాదు, ప్రకృతి నియమం.

కార్డును సిద్ధపరచుట

సిస్కో సంస్థ రౌటర్లలో ఇటువంటి కార్డును అమర్చినప్పుడు రౌటరు దానికి ఒక లైను సంఖ్యను కేటాయిస్తుంది. ఆ లైను బయటి పిలుపులను స్వీకరించుటకా, బయటికి పిలుచుటకా, లేక రెండింటికీనా అన్నది మొదట నిర్ణయించవలెను. తరువాత కార్డుకూ రౌటరుకూ నడుమ వేగాన్ని స్థిరపరచవలెను. ఇది టెలిఫోను తీగ మీది వేగం కన్న ఎక్కువగా, సాధారణంగా 1,15,200గా ఉంచుతారు; ఎందుకనగా మోడెము సమాచారాన్ని కుదించి పంపుతుంది. రౌటరు వేగంగా పోసి, తీగ నెమ్మదిగా తీసుకొన్నప్పుడు పొంగిపోకుండా ఆపే ఏర్పాటును ఫ్లో కంట్రోల్ అంటారు. అది లేనిచో కలయిక కుదిరినా సమాచారం మధ్యలో జారిపోతుంది. ఏ దేశపు టెలిఫోను నియమాలను పాటించాలో కూడా కార్డుకు తెలుపవలసి ఉంటుంది.

ప్రధాన మార్గం తెగినప్పుడు మోడెము దానంతట అదే పిలుచుకొనేటట్లు ఏర్పాటు చేసినచో, ఏ సమాచారం పిలుపుకు అర్హమో జాగ్రత్తగా నిర్వచించవలెను. రౌటర్లు తమలో తాము పంపుకొనే కుశలప్రశ్నలను కూడా అర్హమైనవిగా ఎంచినచో, ఫోను ఎన్నటికీ పెట్టేయబడదు. నెలాఖరున దూరప్రాంతపు బిల్లు ఆ సంగతి చెబుతుంది. తలుపు తెరచి ఉంచిన మోడెము దొంగలకు కూడా దారే కనుక, గట్టి సంకేతపదం, వీలైతే పిలిచిన వారిని తిరిగి పిలిచే పద్ధతి అవసరం.

దోషనిర్ణయం

రసాయన ప్రయోగశాలలో పాటించే నియమమే ఇక్కడ కూడా వర్తిస్తుంది: ఒక్కసారి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి ఫలితాన్ని చూడవలెను.

మొదటి మెట్టు, రౌటరుకు కార్డు కనబడుతున్నదా? లైను సంఖ్యకు 2,000 కలిపి, ఆ సంఖ్య గల ద్వారం గుండా రౌటరు నుండే మోడెముతో సంభాషించవచ్చును. లైను 5 అయినచో ద్వారం 2005. అక్కడ ఏ, టీ అనే రెండక్షరాలు కొట్టగానే ఓకే అని జవాబు రావలెను. రానిచో దోషం కార్డులోనో, రౌటరు అమరికలోనో ఉన్నది. టెలిఫోను కంపెనీని నిందించి లాభం లేదు.

రెండవ మెట్టు, నో డయల్‌టోన్ అని వచ్చినచో, మామూలు ఫోనును అదే గోడసాకెట్టుకు తగిలించి వినవలెను. వాయిస్‌మెయిల్ ఉన్నదని తెలిపే తెగితెగి మోగే ధ్వనిని కొన్ని మోడెములు గుర్తించలేవు. ఆఫీసుల డిజిటల్ ఎక్స్చేంజి లైనుకు అనలాగ్ కార్డును తగిలించినచో కార్డు కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

మూడవ మెట్టు, పిలుపు వెళ్లినా నో క్యారియర్ అని ముగిసినచో, అవతల ఎత్తినది మోడెమా, మనిషా అని విని తెలుసుకోవలెను. 2001లో టొరాంటోకు 647 కోడు చేరినప్పుడు స్థానిక పిలుపులకు కూడా పది అంకెలు తప్పనిసరి అయినవి. 2023లో 988 సహాయసంఖ్య కొరకు మిగిలిన ప్రాంతాలలో కూడా అదే జరిగినది. ఏడంకెలతో ఏనాడో నమోదు చేసి మరచిన మోడెము అవసరమైన రోజున తప్పక విఫలమవుతుంది. నాలుగవ మెట్టు, కలిసి కొంతసేపటికి తెగిపోతున్నచో, తీగలో వ్యర్థశబ్దాన్ని, కాల్ వెయిటింగ్ సంకేతాన్ని అనుమానించవలెను. నక్షత్రం గుర్తుతో 70 నొక్కి ఆ సదుపాయాన్ని ఆ పిలుపు వరకు ఆపవచ్చును.

2022 జులై 8 నేర్పిన పాఠం

ఇదంతా పాతకాలపు ముచ్చట అనిపించవచ్చును. కాని 2022 జులై 8 తెల్లవారుజామున రోజర్స్ సంస్థ వ్యవస్థ కుప్పకూలి, కోటి ఇరవై లక్షలకు పైగా వినియోగదారులకు ఫోను, ఇంటర్నెట్టు నిలిచిపోయినవి. ఇంటరాక్ చెల్లింపులు ఆగినవి. ఎందరో 911ను పిలువలేకపోయారు. ఆ తరువాత సీఆర్‌టీసీ కొరకు తయారై, 2024లో సారాంశం వెలువడిన నివేదిక కారణాన్ని వివరించినది. నవీకరణ పనిలో ఒక వడపోత నియమాన్ని తొలగించడం వలన దారుల వివరాలు వెల్లువలా వచ్చి ప్రధాన రౌటర్లను ముంచివేసినవి.

అంతకన్న ముఖ్యమైనది తరువాత జరిగినది. ఆ రౌటర్లను దూరం నుండి సరిచేయుటకు ఉన్న నిర్వహణ మార్గం కూడా అదే ప్రధాన వ్యవస్థ మీద ఆధారపడి ఉన్నది. ఉద్యోగులు వాడే ఫోన్లు కూడా ఆ సంస్థవే కనుక వారిలో వారికే మాటలు కరువైనవి; ఇతర సంస్థల సిమ్ కార్డులను పంపించవలసి వచ్చినది. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేసినట్లయినది.

విడిగా ఉండే టెలిఫోను తీగ, దానికొక మోడెము అన్న పాత ఏర్పాటులోని వివేకం ఇదే. రోగి ఉన్న గదికి వైద్యుడు చేరే దారి రోగి ఊపిరి మీద ఆధారపడి ఉండరాదు. రాగి తీగల స్థానంలో గాజుతంతువులు వస్తున్నందున, ఇంటర్నెట్టు మీదుగా నడిచే ఫోనులో ధ్వనిని కుదించినచో మోడెము సంకేతాలు చెడిపోతున్నందున, నేడు ఆ పాత్రను సెల్యులార్ మోడెములు, ఉపగ్రహ సంబంధాలు వహిస్తున్నవి. పరికరం మారినది; నియమం మారలేదు. రెండవ దారి వేరొక సంస్థది కావలెను, దానిని అప్పుడప్పుడు పరీక్షించవలెను.

ఈ నియమం ఇండ్లకు కూడా వర్తిస్తుంది. ఇంట్లోని ఇంటర్నెట్టు, అందరి సెల్‌ఫోన్లు ఒకే సంస్థవైనచో, వృద్ధులైన తల్లిదండ్రులకు అస్వస్థత కలిగిన రాత్రి ఆ సంస్థ మూగబోయినచో, సహాయాన్ని పిలిచే మార్గముండదు. ఒక్క ఫోనైనా వేరొక సంస్థది ఉంచుకొనుట, కొంత నగదు దగ్గర పెట్టుకొనుట, ముఖ్యమైన సంఖ్యలను కాగితం మీద వ్రాసి ఉంచుట ఖర్చులేని జాగ్రత్తలు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట ఎంతటి అవివేకమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.