ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: గోమారి కాటు

ప్రశ్న (మొయినాబాద్, ఒక తల్లి): ఆరేళ్ల బాబు చెవి వెనుక ఉబ్బిన గోమారి దొరికింది. బాబు నొప్పి అననేలేదు. లైమ్ వ్యాధి గురించి ఇంటర్నెట్‌లో చదివి, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని రెండు రోజులు వేసి మానేశాను. గోమారి లాలాజలం విషమా?

జవాబు: ఉత్తరం అడిగింది విషం గురించే అయినా, ముందుగానే చూడలేకపోయామన్న బాధ అందులో దాగి ఉంది, ఆ బాధకు కారణం లేదు. గోమారి లాలాజలంలో ఎంజైములు, అనగా రసాయన చర్యలను వేగపరిచే ప్రోటీన్లు, ఉంటాయి. వాటిలో అపైరేజ్, గాయపడిన కణాల నుంచి వెలువడే ఏటీపీ, ఏడీపీ అనే రసాయనాలను విడగొట్టి, రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు గుమికూడకుండా అడ్డుకుంటుంది. కొన్ని జాతులలో కైనినేజ్ అనే మరో ఎంజైము, నొప్పినీ వాపునూ కలిగించే బ్రాడీకైనిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. అందువల్ల గోమారి రోజుల తరబడి పట్టుకొని ఉన్నా బిడ్డకు తెలియకపోవడం సహజమే గాని తల్లి అశ్రద్ధ కాదు. ప్రమాదం సాధారణంగా లాలాజలంలో కాక, దానితో లోపలికి చేరగల సూక్ష్మజీవులలో ఉంటుంది.

మాత్రల సంగతి మాత్రం క్షమించదగినది కాదు. లైమ్ వ్యాధిని ప్రధానంగా అమెరికా, ఐరోపాలలో ఐక్సోడిస్ ప్రజాతి గోమార్లు వ్యాపింపజేస్తాయి. మన పశువులపై ఎక్కువగా కనిపించేవి హయలోమ్మా, రిపిసెఫాలస్ ప్రజాతులు. మన ప్రాంతానికి చెందని రోగం పేరు చదివి, బాబు బరువు కూడా చూడకుండా మందు వేసి, అదీ సగంలో ఆపడం వల్ల ఏ రోగమూ నివారణ కాదు సరికదా, రాబోయే జ్వరం లక్షణాలు మరుగున పడవచ్చు. మన దేశంలో గమనించవలసినది రికెట్సియా బాక్టీరియా కలిగించే టిక్ టైఫస్: జ్వరం, తలనొప్పి, అరచేతులకూ అరికాళ్లకూ పాకే దద్దుర్లు. 1957లో షిమోగా ప్రాంతంలో బయటపడిన క్యాసనూరు అడవి జ్వరమూ, 2011లో గుజరాత్‌లో కనిపించిన క్రిమియన్-కాంగో జ్వరమూ గోమార్ల వల్ల వ్యాపించేవే అయినా, ఒక్క కాటును చూసి వాటిని ఊహించుకోనక్కరలేదు. రెండు వారాలపాటు బాబు ఒంటిని గమనించి, జ్వరం వస్తే కాటు సంగతినీ వేసిన మాత్రల పేరునూ వైద్యునికి మొదటే చెప్పాలి.

ప్రశ్న (చేవెళ్ల): కిరోసిన్ పోసి గానీ, బీడీతో కాల్చి గానీ గోమారిని ఊడదీయవచ్చా?

జవాబు: కూడదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడగాలి. గోళ్లతో నలపరాదు.

ప్రశ్న (చేవెళ్ల): గేదెకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను మనిషి వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోరాదు. అది గేదెకే, అదీ పశువైద్యుడు చెప్పినప్పుడే.