తాత ముక్కు నీడ ఎటువైపు?

పోయిన దీపావళి సెలవుల్లో మా అవ్వ నాకో పని చెప్పింది. "నన్నూ మీ తాతనూ ఒక్క ఫోటోల కూసోబెట్టు బిడ్డా, నీకు కంప్యూటర్ వస్తది గద" అని. తాత నేను పుట్టకముందే పోయాడు. ఆయనది మిగిలింది ఒకటే ఫోటో, కార్ఖానా కార్డు మీద అంటించిన అంగుళం ముక్క. ఇద్దరూ కలిసి దిగింది ఒక్కటీ లేదు. మన పేటల్లో ఇట్లాంటి ఇళ్ళు చాలా ఉంటాయి. అందుకే ఈసారి గోడపత్రికకు ఈ జోడింపు ఫోటోల గురించి రాస్తున్నాను.

మాకు ఇదివరకు ఒక స్టూడియోలో చేయించిన ఫోటో ఉంది. అందులో తాతకు కోటు, టై, వెనక మంచుకొండలు. "చద్దర్లు నేసిన మనిషికి టై ఎందుకురా" అని అవ్వ దాన్ని బీరువా వెనక పెట్టేసింది.

ఈ విద్య కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రెజ్లాండర్ 30కి పైగా నెగటివ్‌లు కలిపి 'టూ వేస్ ఆఫ్ లైఫ్' అనే ఒకే చిత్రం చేశాడు. విక్టోరియా రాణి దాని ప్రతి కొన్నది. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ 5 నెగటివ్‌లతో, మరణానికి దగ్గరైన ఒక అమ్మాయిని చూపించాడు. ఇట్లా చేయడం మోసం కాదా అన్న తగాదా అప్పుడే మొదలైంది. ఫోటోషాప్ 1990లో వచ్చింది, అందులోకి లేయర్లు 1994లో వచ్చాయి.

లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొర. దానికి మాస్క్ వేస్తాం. మాస్క్‌లో తెల్లగా ఉన్నచోట పై పొర కనబడుతుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది, బూడిదరంగులో సగం సగం. నాకిది క్లాసులో అర్థం కాలేదు, నాన్న కార్ఖానాలో అర్థమైంది. జకార్డు డిజైన్ గళ్ళ కాగితం మీద గీస్తారు. గడి నిండితే ఆ పడుగు పోగు లేస్తుంది, లేకుంటే కిందే ఉంటుంది. ఆ జకార్డు కనిపెట్టినాయన బొమ్మను 1839లో లియాన్‌లో 24,000 అట్టలతో పట్టులో నేశారంటే, పిక్సెళ్ళ లెక్క మన చద్దరుకు కొత్తేమీ కాదు.

ఇక పని. అంగుళం ఫోటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే వెడల్పున 1200 పిక్సెళ్ళు వస్తాయి. అవి ముఖం వరకు చాలు. కష్టమంతా వెలుగు దగ్గర వచ్చింది. తాత ఫోటోలో వెలుగు ఎడమ నుంచి, ముక్కు నీడ కుడివైపు. నా ఫోన్‌లో ఉన్న అవ్వ ఫోటోలో దీనికి ఉల్టా. సులువు కదా అని తాతను అద్దంలోలా తిప్పేశాను. అవ్వ ఒక్క చూపు చూసి, "మచ్చ ఈ చెంప మీద లేకుండె" అంది. పాపిడి కూడా మారిపోయింది. నలభై ఏళ్ళ కింద చూసిన ముఖం!

అందుకని తాతను వదిలేసి అవ్వనే మళ్ళీ తీశాను. వాకిలి వెలుతురు ఎడమ నుంచి పడేలా స్టూలు వేసి, ఫోన్ ఆమె కళ్ళ ఎత్తులో పెట్టి. తాతకు మెడ కింద ఒళ్ళు లేదు. ఆ లోటు తీర్చడానికి నాన్న తెల్లచొక్కా వేసుకుని పక్క స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న తల తీసి తాత తల పెట్టాను. చొక్కా కాలర్ మీద గడ్డం నీడ వేయకపోతే తల గాల్లో తేలినట్టుంది. చివరికి పాత ఫోటో గరుకు కొంచెం అవ్వ మీద కూడా వేశాను. అమ్మ వీటిని మరాఠీలో చిక్‌టవ్లేలా ఫోటో అంటుంది, అంటే అతికించింది అని. ఆ అతుకు కనబడకుండా చేయడమే సగం పని. సాంచా మీద పోగు తెగితే ముడి వేస్తారు కదా, ముడి కనబడితే మాల్ వాపస్.

ఇంకొకటి మిగిలింది. ఫోటోలో తాతకు ముప్పై దాటాయో లేదో, అవ్వకు డెబ్బై. ఒక యాప్‌లో తాతను ముసలివాణ్ణి చేసి చూశాను. ఎవరో పరాయి మనిషి వచ్చాడు. ఆ సమయంలోనే వివాన్ సుందరం గురించి చదివాను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1941లో చనిపోయింది. ఆమె చెల్లెలి కొడుకు వివాన్ పుట్టింది 1943లో. తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఇంటి ఫోటోలను 2001 నుంచి ఆయన కంప్యూటర్‌లో కలిపి 'రీటేక్ ఆఫ్ అమృత' చేశాడు. వేర్వేరు కాలాల్లో తీసిన మనుషులు ఒకే గదిలో ఉంటారు. ఎవరి వయసూ సరిచేయలేదు. తను చూడని పెద్దమ్మను ఆయన వెతుక్కున్న తీరు అది. నాకు ధైర్యం వచ్చింది. తాతను ముప్పైలోనే ఉంచేశాను.

ఎనిమిది బై పది ప్రింటు తెచ్చి ఇచ్చాను. అవ్వ ముఖం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. వేలితో చేతుల మీద రాసింది.

"ఇవి మీ నాయిన చేతులు."

తీసేసి వేరేవి పెట్టనా అని అడిగాను.

"వద్దు, ఉండనీ" అని, మేకు ఎక్కడ కొట్టాలో చూపించింది.