విత్తనమునకు పట్టించిన మందు – కాలేయము

విత్తగా మిగిలిన మందు గింజలను కడిగి వండుకొనిన దోషమేమి యని కొందఱు తలంతురు. తురుష్కదేశమున జరిగినది తెలిసికొనినచో ఆ తలంపు మానుదురు.

అచ్చటి ఆగ్నేయ మండలములలో గోధుమకు కాటుక తెగులు రాకుండ హెక్సాక్లోరోబెంజీను అను మందు పట్టించి, ప్రభుత్వము విత్తనములు పంచెను. తిండి చాలక జనులు ఆ గోధుమలనే విసరి రొట్టెలు కాల్చుకొనిరి. 1955 మొదలు 1959 వఱకు సుమారు 3,000 నుండి 4,000 మంది రోగగ్రస్తులైరి. అందు పెక్కుమంది పిల్లలే. ఎండ సోకిన చోట్ల బొబ్బలు లేచెను, మూత్రము ఎఱ్ఱబడెను. ఆ రొట్టెలు తినిన తల్లుల పాలు త్రాగి పసికందు లనేకులు మరణించిరి.

రక్తమునకు ఎఱుపు నిచ్చు హీము అను పదార్థమును కాలేయకణములు కూడ తయారుచేయును. ఆ పని పలు మెట్లుగా జరుగును. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఎంజైము కావలయును. ఈ మందు వానిలో నొకదానిని అణచివేయును. గానుగ నిలిచిపోయినచో చెఱకు కుప్పపడినట్లు, సగము తయారైన పదార్థము కణములలో పేరుకొని రక్తములోనికి పొర్లును. కొంత మూత్రమున పోవును. కొంత చర్మమున నిలిచి, ఎండ తగులగనే పుండ్లు పుట్టించును.

ఈ మందు నీట కరగదు గనుక కడిగినను పోదు. కొవ్వున కరగును, కావున దేహమున ఏండ్ల తరబడి నిలుచును. 1959లో దాని వాడుక మాన్పించినను, 20 ఏండ్లు దాటిన పిమ్మట కూడ ఆ తల్లుల పాలలో అది కనబడెను! 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడిక దానిని నిషిద్ధముల పట్టికలో చేర్చినది.

ఇప్పుడు మన విత్తనములకు పట్టించునవి వేఱు మందులే. అయినను రంగు పూసిన గింజ తిండిగాదెలో చేరరాదు. పశువులకుగాని కోళ్లకుగాని వేయరాదు. ఖాళీ సంచిని ఉతికి బియ్యమునకు వాడుటయు కూడదు.