తలుపు బ్లాకులో మెనూ లోపల మెనూ

ఐ.టి.ఐ.లోనూ పాలిటెక్నిక్‌లోనూ సివిల్ చదువుతున్న మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆటోక్యాడ్ నేర్చుకుంటున్నారు. గీత గీయడం అందరికీ వస్తుంది. ఒకసారి గీసినదాన్ని పదిమంది వాడుకునేలా అమర్చడం కొందరికే వస్తుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు తేడా అక్కడే తెలుస్తుందని మా అభిప్రాయం. అందుకే ఈ సంచికకు ఈ పాఠం ఎంచుకున్నాము.

బ్లాకు అంటే కొన్ని గీతలను ఒకే వస్తువుగా కట్టి, కావలసినచోటల్లా పెట్టుకోవడం. ఆటోక్యాడ్ 2006తో డైనమిక్ బ్లాకు వచ్చింది. ఒకే బ్లాకులో అనేక రూపాలు దాచి, కావలసినదాన్ని విజిబిలిటీ పారామీటరుతో చూపించవచ్చు. చిక్కేమిటంటే, ఒక బ్లాకుకు ఒకే విజిబిలిటీ పారామీటరు ఉంటుంది. తలుపులూ కిటికీలూ కలిపి ముప్పై రూపాలుంటే ముప్పై పేర్లూ ఒకే వరుసలో దిగుతాయి. తొందరలో ఒక వరుస పైన నొక్కితే 900 బదులు 750 పడుతుంది. తెరమీద అది కనిపించీ కనిపించని తేడా. సైటులో మేస్త్రీ ప్లాను చూసి అంతే సందు వదులుతాడు. వడ్రంగి మూడడుగుల ద్వారబంధం తెచ్చాక కట్టిన గోడ కొట్టాలి. ఆ రోజు కూలి ఎవరికి పోతుందో మన ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు.

బ్లాకులో మరో డైనమిక్ బ్లాకు పెడితే సరిపోతుందని చాలామందికి తోస్తుంది. కానీ లోపలి బ్లాకు మెనూ బయటినుంచి అందదు. సరైన దారి ఆటోక్యాడ్ 2010లో వచ్చిన బ్లాక్ ప్రాపర్టీస్ టేబుల్.

మన ఉదాహరణలో ఎనిమిది తలుపులు: ఒంటి రెక్క 750, 900, 1050, జంట రెక్క 1200, 1500, పక్కకు జరిగేవి 1500, 1800, 2100. అన్నీ మిల్లీమీటర్లే. అన్నింటినీ ఒకే మూల బిందువు నుంచి, సున్నా లేయరులో గీయాలి. మూల బిందువు మారితే రూపం మార్చినప్పుడల్లా తలుపు గోడలోంచి పక్కకు దూకుతుంది. బ్లాకు ఎడిటరులో విజిబిలిటీ పారామీటరు పెట్టి ఎనిమిది స్థితులు తయారుచేయండి. 1500 రెండు రకాల్లోనూ ఉంది కనుక 'జంట 1500', 'జరుగు 1500' అని పేర్లలో తేడా చూపాలి. విజిబిలిటీకి గ్రిప్పుల సంఖ్య సున్నా చేస్తే పాత వరుస జాబితా కనిపించదు.

ఇప్పుడు కమాండ్ లైన్లో 'బీ' అక్షరం, దాని వెంటనే ఖాళీ లేకుండా 'టేబుల్' అని ఇంగ్లీషులో టైపు చేయండి. స్థానం చూపించి, గ్రిప్పు ఒకటి అనండి. తెరుచుకున్న పట్టికలో 'రకం' అనే కొత్త యూజర్ పారామీటరు చేర్చి, దాని టైపు స్ట్రింగ్ అని ఎంచుకోండి. దాని కుడిపక్కన విజిబిలిటీ నిలువు వరుస చేర్చండి. ఎనిమిది అడ్డు వరుసలూ నింపి, ఒకే రకానివి పక్కపక్కనే ఉంచండి. తలుపు గ్రిప్పు నొక్కితే ముందు మూడు రకాలు, ఒక్కో రకం పక్కన దాని కొలతలు తెరుచుకుంటాయి.

అసలు ఆలోచించవలసింది నిలువు వరుసల క్రమం. ముందు వెడల్పు అడిగితే మొదటి మెనూలోనే ఏడు కొలతలు వస్తాయి. వాటిలో 1500కు తప్ప మిగతా ఆరింటికీ లోపల ఎంచుకోవడానికి ఒక్కటే ఉంటుంది. మెనూ లోపల మెనూ పెట్టిన లాభమేమిటి? రకం ముందుంటే మూడే ప్రశ్నలు, ఆపైన రెండో మూడో జవాబులు. కిటికీలకు ఈ క్రమమే పనికిరాకపోవచ్చు. కాగితం మీద చెట్టులా గీసి, కొమ్మలు తక్కువగా మొదలయ్యేది ఎంచుకోండి.

సేవ్ చేసేముందు పట్టికలోని ఆడిట్ బొత్తాము నొక్కి, టెస్ట్ బ్లాక్‌తో ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తెరిచి కొలవండి. మీ ఫైలు తీసుకున్నవారికి ఒక్కమాట చెప్పండి: తలుపును ఎక్స్‌ప్లోడ్ చేస్తే గీతలు మిగులుతాయి గాని మెనూ పోతుంది.