పత్తి కట్టెకు అగ్గి పెట్టే ముందు

ఫాల్గుణం వచ్చిందంటే తెలంగాణ చెలకల్లో ఎటు చూసినా పొగే. పత్తి ఏరడం అయిపోతుంది, కట్టె పీకి కుప్ప వేస్తారు, అగ్గి పెడతారు. గులాబీ రంగు పురుగు మళ్లీ రాకుండా కట్టెను చేనులో ఉంచకూడదన్నది నిజమే. కానీ కుప్ప కాలిస్తే మిగిలే బూడిద గాలికి కొట్టుకుపోతుంది. అదే కట్టెను గాలి సరిగా ఆడకుండా కాలిస్తే బొగ్గవుతుంది. ఈ బొగ్గు, అంటే బయోచార్, దశాబ్దాల పాటు నేలలోనే ఉండి నీటిని, పోషకాలను పట్టి ఉంచుతుంది. అమెజాన్ ప్రాంతంలో అక్కడి తెగలు వందల ఏళ్ల కిందట బొగ్గు, ఎముకలు, కుండ పెంకులు కలిపి తయారుచేసిన నల్లనేలలు నేటికీ సారం కోల్పోలేదు.

పత్తి, కంది, ఆముదం కట్టెను బొగ్గు చేయడానికి హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా డ్రమ్ము కొలిమిని రూపొందించింది. డ్రమ్ము లేకున్నా గుంత చాలు.

పైన ఐదడుగుల వెడల్పు, లోతు మూడడుగులు, కిందికి పోయే కొద్దీ సన్నగా తవ్వాలి. బాగా ఎండిన కట్టెను అడుగున వేసి అంటించాలి. పైపొర మీద తెల్లటి బూడిద కనబడగానే మరో పొర వేయాలి. పైమంట గాలిని వాడేసుకోవడంతో కింది బొగ్గు బూడిద కాదు. గుంత నిండాక చుయ్‌మనే చప్పుడు ఆగేదాకా నీళ్లు పోయాలి. గాలి వీచే రోజున ఈ పని పెట్టుకోకూడదు. లోపల నిప్పు లేదని మర్నాడు చూసుకున్నాకే సంచుల్లోకి ఎత్తాలి.

పచ్చి బొగ్గును నేరుగా చల్లడమే అసలు పొరపాటు. అది నేలలోని నత్రజనిని పట్టేసుకుంటే మొక్కలు పాలిపోతాయి. తడి మీదే శనగ గింజంత ముక్కలుగా దంచి (పొడిగా దంచితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది), సమానంగా పశువుల ఎరువు కలిపి, ఆవు మూత్రంతో తడిపి, రెండు వారాలు నీడన మాగబెట్టాలి.

క్వింటా ఎండుకట్టెకు ఇరవై, పాతిక కిలోల బొగ్గే వస్తుంది. ఎకరం కట్టె నుంచి వచ్చిన బొగ్గు ఎకరమంతా చల్లడానికి సరిపోదు. అందుకే సాళ్లలో, వేర్ల దగ్గర వేసుకుంటూ ఏటా కొంత నేలకు పెట్టుకోవాలి.

వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) రైతు వేదికలో ఉపన్యాసం ఇచ్చేకన్నా ఒక చేను గట్టున గుంత తవ్వించి ఊరివాళ్ల చేతనే కాల్పించడం మేలు. ఎప్పుడు పొర వేయాలో చెబితే అర్థం కాదు, మంట ముందు నిలబడితే ఒక్క పూటలో పట్టుబడుతుంది.

ఎర్ర చెలకలకు, ఇసుక నేలలకు ఈ బొగ్గు బాగా పనికొస్తుంది. బొగ్గుకు క్షారగుణం ఉంటుంది కనుక, ఉదజని సూచిక 8 దాటిన నల్లరేగళ్లలో మట్టి పరీక్ష చేయించకుండా వేయకూడదు. మొదటి ఏడు రెండు గుంటల్లోనే వేసి, పక్కనే వేయని సాళ్లు కొన్ని ఉంచితే, వానలు ముఖం చాటేసినప్పుడు ఏ మొక్క ముందు వాడుతుందో రైతు కళ్లతోనే చూసుకోవచ్చు.