గుల్ల చెప్పే లెక్క

సముద్రపు అడుగు మట్టిలోంచి ఫొరామినిఫెరా గుల్లలు ఏరడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నాలుగు మాటలు. అయిదయ్యాయి, ఏమీ అనుకోకండి.

1. కొలిచే యంత్రం సంగతి తర్వాత, ముందు జాతిని గుర్తుపట్టండి. ఫొరామినిఫెరా అనే ఈ ఏకకణ జీవి సున్నపు గుల్ల కట్టుకుంటూ చుట్టూ ఉన్న నీటి గుణాన్ని అందులో కలుపుకుంటుంది. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ పైనీటిలో బతుకుతుంది, నియోగ్లోబోక్వాడ్రినా డ్యుటర్ట్రెయ్ అంతకన్నా లోతున. రెండూ కలిపి కొలిస్తే వచ్చే అంకె ఏ నీటిదీ కాదు.

2. ఆక్సిజన్ ఒక్కదాన్నే నమ్మొద్దు. 1955లో చెసారే ఎమిలియాని గుల్లల్లోని ఆక్సిజన్-18 పాళ్ళను బట్టి మంచుయుగాల నాటి సముద్రపు ఉష్ణోగ్రతలు లెక్కగట్టాడు. 1967లో నికొలస్ షాకిల్టన్ వచ్చి, ఆ మార్పులో ఎక్కువ వాటా వేడిమిది కాదు, నేలమీద పేరుకున్న మంచుదని చూపించాడు. తేలికైన ఆక్సిజన్-16 ఎక్కువున్న నీరు ఆవిరై, మంచుగా గడ్డకట్టి నేలమీదే ఉండిపోతే, సముద్రంలో బరువైనదాని పాలు పెరుగుతుంది. మన బంగాళాఖాతంలో ఇంకో చిక్కు: గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ తేలిక ఆక్సిజన్ నీళ్ళు తెచ్చి పోస్తాయి. గుల్లలో ఆక్సిజన్-18 అంకె తగ్గిందంటే నీరు వేడెక్కిందా, వరదలు పెరిగాయా? గుల్ల ఆ ఒక్క అంకెతో చెప్పలేదు.

3. అందుకే మెగ్నీషియం. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే గుల్లలో కాల్షియంతో పోల్చిన మెగ్నీషియం సుమారు 9 శాతం పెరుగుతుంది. దాంతో ఉష్ణోగ్రత తేల్చుకుని, ఆక్సిజన్ లెక్కలోంచి ఆ వాటానూ మంచు వాటానూ తీసేస్తే మిగిలేది నదుల నీళ్ళ జాడ, అంటే రుతుపవనాల జాడ. ఉప్పదనం కూడా మెగ్నీషియాన్ని కాస్త కదిలిస్తుంది. ఆ సవరణ మరవద్దు. ఈ తీసివేత దగ్గరే నాకు ఈ విద్య మీద మోజు పుట్టింది.

4. కడగండి. గుల్ల గదుల్లో ఇరుక్కున్న బంకమట్టిలోనూ మెగ్నీషియం ఉంటుంది, అది కలిస్తే సముద్రం ఉత్తపుణ్యాన వేడెక్కిపోతుంది. గాజు పలకల మధ్య నొక్కి గదులు తెరవండి. నీళ్ళతో, మిథనాల్‌తో, బియ్యం కడిగినట్టు తెలుపు పోయి నీళ్ళు తేటపడేదాకా కడగండి; సేంద్రియ పదార్థం పోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్. అల్యూమినియం, ఇనుము కూడా కొలవండి. అవి ఎక్కువుంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

5. మరీ లోతైన చోటి మట్టితో జాగ్రత్త. అక్కడ గుల్ల కరుగుతుంది, మెగ్నీషియం ఎక్కువున్న భాగాలే ముందు పోతాయి. మిగిలింది కొలిస్తే పాత సముద్రం ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తుంది.