విల్లు ఎవరి చేతిలో?

ప్రశ్న: ముంజేతిపై విల్లు ఎక్కుపెట్టిన కొమురం భీంను నలుపు, బూడిద ఛాయల్లో టాటూ వేయించుకోవచ్చా?
– ఓ యువకుడు, ఉట్నూర్

జవాబు: బొమ్మ సరే, మనిషే మారాడు! 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీం విగ్రహాల్లో కనిపించేది తుపాకీ. విల్లంబులతో జనం గుర్తుపట్టేది అల్లూరి సీతారామరాజును.

విలుకాడే కావాలంటే ఏకలవ్యుడున్నాడు. భారతంలో నిషాదరాజు హిరణ్యధనువు కొడుకు. గురుదక్షిణగా కుడి బొటనవేలు కోసిచ్చాడు. ఆ వేలు లేకుండానే నారి లాగుతున్నట్టు గీయిస్తే కథంతా, అందులోని అన్యాయంతో సహా, చేతిమీదే ఉంటుంది. పట్టుదలకు గుర్తుగా ఇంతకంటే గట్టి బొమ్మ దొరకడం కష్టం.

బూడిద ఛాయకు వేరే రంగు అక్కర్లేదు, నల్ల సిరానే నీళ్లతో పలుచన చేస్తారు. చామనఛాయ ఒంటిపై మరీ లేత నీడలు కలిసిపోతాయి. నలుపు చిక్కగా ఉండాలి, వెలుగు పడేచోట చర్మాన్ని ఖాళీగా వదలాలి. వింటినారి మరీ సన్నగా వద్దు, ఏళ్లు గడిస్తే గీత చెదురుతుంది.

సూది ప్యాకెట్ మాత్రం కళ్లెదుటే విప్పించాలి.